అరువు నవ్వు

1972 మొదలు 1983 వఱకు అమెరికా టెలివిజనులో నడచిన 'మాష్' అను హాస్యనాటకమును డిస్కులలో రెండు విధములుగా చూడవచ్చును: నవ్వులతో నొకటి, నవ్వులు తీసివేసి యొకటి. మేము రెండును చూచితిమి. కొరియా యుద్ధమున గాయపడిన సైనికులకు శస్త్రచికిత్స చేయు గుడారములు దానికి రంగస్థలము. అందలి వైద్యులు రేయింబవళ్లు నెత్తుటిలో మునిగి, మతి చెడకుండుటకై పరిహాసములాడుదురు.

వినబడు నవ్వులు ఆ నాటకము చూచినవారివి కావు. చార్లెస్ డగ్లస్ అను ధ్వనినిపుణుడు 1950 తరువాతి దశాబ్దమున నొక పెట్టెను నిర్మించెను. ఏనాడో, ఎవ్వరో, మఱి దేనికో నవ్విన నవ్వులు అందు టేపుచుట్టలలో నుండును. మీట నొక్కిన చాలును, కోరినంత నవ్వు వెలువడును. 19వ శతాబ్దమున పారిస్ నాటకశాలలలో కూలికి నవ్వువారుండిరి. వారైనను ఆ పూట నాటకమునకు వచ్చిరి గదా!

ఈ నాటకమును రూపొందించిన ల్యారీ గెల్బార్టు ఆ నవ్వు వలదనెను. ప్రసారసంస్థయగు సీబీఎస్ వినలేదు. తుదకు శస్త్రచికిత్సాగృహములో మాత్రము నవ్వు వినబడరాదని యొడంబడిక కుదిరెను. మాకీ యొడంబడికయే మిక్కిలి వింతగా తోచినది. కత్తి పట్టిన చోట నవ్వు తగదని యంగీకరించిన పిమ్మట, చేతులు కడుగుకొని ప్రక్క గుడారమునకు వచ్చిన యా వైద్యుని మాటకే నవ్వెట్లు తగును? యుద్ధము గుడ్డతెర కవతలనే ఆగిపోవునా? నవ్వు తీసి చూచినప్పుడు ఆతని చమత్కారము చివర కొంత నిశ్శబ్దము మిగులును. అందులో ఆతని యలసట వినబడును. నవ్వు చేర్చినంతనే ఆతడు వట్టి విదూషకుడు. బ్రిటనులో బీబీసీవారు నవ్వు లేకయే ప్రసారము చేసిరి. అచ్చటివారు చూచినది మఱియొక నాటకమే యనవచ్చును.

సభలో పుట్టిన నవ్వును మేము నిందింపము. 1971లో ఆరంభమైన 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' ప్రేక్షకుల యెదుట నాడబడెను. వర్ణద్వేషియగు గృహయజమాని మాటలకు వారు నవ్విరి. ఆ నవ్వు కొన్నిచోట్ల మాకు రుచింపలేదు. అయినను అది మనుష్యుల నవ్వు, దానికి వారే యుత్తరవాదులు. పెట్టెనవ్వునకు ఉత్తరవాది యెవ్వడు?

ఇది యింటిల్లిపాదియు కూర్చుండి చూచు వస్తువు. పరుల దుఃఖము నెదుట ఎప్పుడు నవ్వవచ్చునో, ఎప్పుడూరకుండవలెనో పిల్లలు పెద్దల ముఖములు చూచి నేర్చుకొందురు. ఆ పనిని మీట కప్పగించుటకు మేమొప్పుకొనము. 1975లో ప్రసారమైన యొక కథలో, ఇంటికి బయలుదేరిన కర్నల్ బ్లేక్ మరణించెనను వార్త శస్త్రచికిత్స నడుమ చదువబడును. ఎవ్వరును మాటలాడరు, ఒక పనిముట్టు జారి నేలబడిన చప్పుడు వినవచ్చును. ఆ దృశ్యము రెండు ప్రతులలోను ఒక్కటే.