పాటకు తుదిపాఠం ఏది? – ధ్వనిముద్రణకూ వేదికకూ నడుమ ఆధునిక వాగ్గేయకారుల పాట

వ్యాససంగ్రహం:

తమ పాటను తామే రాసి, బాణీ కట్టుకొని, ఊరూరా తిరిగి పాడిన గద్దర్, గోరటి వెంకన్న వంటి కవిగాయకుల రచనలను పరిశోధకులు సాధారణంగా అచ్చయిన పుస్తకం నుంచో కాసెట్టు నుంచో ఉదాహరిస్తారు. అదే పాట వేదిక మీద పొందే మార్పులను గాయకుని నేర్పుగా మెచ్చుకొని వదిలివేస్తారు. ఆ మార్పులు కవి స్వయంగా చేసిన పాఠాంతరాలని, వాటిని లెక్కలోకి తీసుకోని పాట విమర్శ అసమగ్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కోనసీమ తీర్థం వంటి బహిరంగ వేదిక స్వభావాన్ని చర్చకు ఒక ఆలంబనగా గ్రహిస్తుంది.

కీలకపదాలు: పాఠాంతరం, వాగ్గేయకారుడు, కాసెట్టు, వేదిక, వంత, తీర్థం.

1. ప్రవేశిక

తెలుగు పాటకు పాఠసమస్య కొత్తది కాదు. అన్నమయ్య సంకీర్తనలను చెక్కిన తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది; స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు సాహిత్యాన్ని పరిష్కరించి లోకానికి అందించగలిగారు. బాణీల విషయంలో మాత్రం రాళ్లపల్లివారు, తరువాతి కాలంలో గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కొత్తగా స్వరరచన చేయవలసి వచ్చింది. రేకు మాటను దాచి నాదాన్ని పోగొట్టింది. ఇరవయ్యో శతాబ్దపు ధ్వనిముద్రణ మాటనూ నాదాన్నీ కలిపి దాచగలిగింది గాని, పాటకు సహజమైన చలనాన్ని ఆపివేసింది. 78 చుట్ల గ్రామఫోను పళ్లెంలో ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల గానమే. ఎన్ని చరణాలు ఉండాలో, ఏ చరణాన్ని వదులుకోవాలో ఆ మూడు నిమిషాలే నిర్ణయించాయి.

ఈ స్థిరత్వానికి పరాకాష్ఠ ఘంటసాల భగవద్గీత. గాయకుడు 1974లో కన్నుమూసిన తరువాత వెలువడిన ఆ రికార్డు తెలుగునాట దాదాపు ఒక క్రతుపాఠంగా మారిపోయింది. చావు జరిగిన ఇంటి ముందు అది వినిపిస్తుంటే అందులోని శ్లోకాల ఎంపికనుగాని, తాత్పర్యాన్నిగాని, గమకాన్నిగాని ఎవరూ మార్చి ఊహించలేరు. ధ్వనిముద్రణే మూలగ్రంథమైన సందర్భమది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది జానపద గేయం. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ (1958) నాటినుంచి మన పరిశోధన పాఠభేదాన్ని జానపద లక్షణంగా అంగీకరిస్తూనే ఉంది. ఆల్బర్ట్ లార్డ్ 1960లో యుగోస్లావియా గాథాగాయకులను గురించి రాస్తూ, మౌఖిక సంప్రదాయంలో ప్రతి గానమూ ఒక రచనేనని సిద్ధాంతీకరించాడు. అయితే ఈ ఉదారత అంతా కర్త తెలియని పాటకే పరిమితమయింది. కర్త తెలిస్తే పాఠం ఒక్కటే ఉండాలని, అది కవి అచ్చువేయించినదే కావాలని లిఖిత సాహిత్య విమర్శ కోరుతుంది. ఆధునిక వాగ్గేయకారుడు ఈ రెండింటి మధ్య చిక్కుకొన్నాడు. అతని పేరు తెలుసు, సంతకం తెలుసు. అతని పద్ధతి మాత్రం మౌఖికం. జానపద పరిశోధకుడు అతన్ని కవి అని పక్కన పెడతాడు. కవిత్వ విమర్శకుడు అతని పాటల పుస్తకాన్ని మాత్రం తెరిచి, ప్రతీకలు లెక్కపెట్టి మూసేస్తాడు.

2. కాసెట్టు ముందు, గాయకుడు తరువాత

జననాట్యమండలి 1972లో ఏర్పడింది. దాని పాటలు మొదట సభల్లో పుట్టి, తరువాత కాసెట్ల రూపం తీసుకొన్నాయి. కారంచేడు దారుణం జరిగిన 1985లోనే గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. ‘దళిత పులులమ్మ’ వంటి పాటలు జనంలోకి చేరిన ఆ సంవత్సరాల్లో పాట ఉంది, పాడినవాడు కంటికి కనబడడు. లేని మనిషికి బదులుగా కాసెట్టు ఊళ్లు తిరిగింది. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో గద్దర్ తిరిగి జనం ముందుకు వచ్చినప్పుడు ఎదుట కూర్చున్న శ్రోత కొత్త శ్రోత కాడు. పల్లవి ఎక్కడ తిరుగుతుందో, డప్పు ఎక్కడ ఆగుతుందో కాసెట్టు ద్వారా అతనికి ముందే తెలుసు.

గద్దర్ వేదికానిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి ఈ చారిత్రక స్థితి కీలకం. కాసెట్టులో వినిపించినదాన్నే యథాతథంగా వినిపిస్తే ఆ సభకు అవసరం లేదు. అందుకే ఆయన పాటను తెరుస్తాడు. ముందు ఒక దీర్ఘమైన రాగం, తరువాత ఒక పిలుపు, ఆ తరువాతనే పల్లవి. చరణం మధ్యలో ఆగి వచనంలోకి దిగుతాడు, ఆ వచనంలో ఒక ఊరి ముచ్చటో ఒక తల్లి మాటో చెబుతాడు. వంతలు అందుకోగానే మళ్లీ లయలోకి ఎక్కుతాడు. ఈ రాకపోకలకు మూలం బుర్రకథ. కథకుడు, ఇద్దరు వంతలు అనే నాజర్ నాటి త్రయాన్ని గద్దర్ గొంగడి, గజ్జెలు, చేతికర్రలతో పునర్నిర్మించాడు. బుర్రకథలో వచనం కథను ముందుకు నడిపిస్తుంది. గద్దర్ వచనం కథను నడపదు, శ్రోతను పాటలోకి పాత్రగా లాగుతుంది. ఈ తేడాను మన విమర్శ తగినంతగా గుర్తించలేదు.

‘నీ పాదం మీద పుట్టుమచ్చనై’ పాట ఇందుకు మంచి నిదర్శనం. దాసరి నారాయణరావు దర్శకత్వంలో 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’ చిత్రంలో దానిని వందేమాతరం శ్రీనివాస్ పాడారు. ఆయనకు నంది పురస్కారం లభించింది. రచయితగా తనకు ప్రకటించిన నందిని గద్దర్ తిరస్కరించాడు. సినిమాలో ఆ పాటకు ఒక అన్న ఉన్నాడు, ఒక చెల్లెలు ఉంది, వారి కథ ఉంది. సంబోధన ఆ ఇద్దరి మధ్యనే మూసుకొని ఉంటుంది. గద్దర్ గొంతులో, వాద్యసమ్మేళనం లేకుండా, అదే సంబోధన సభలోని స్త్రీలందరి వైపూ తిరుగుతుంది. ఒక్క పదం మారకపోయినా ‘చెల్లెమ్మ’ అనే సంబోధనకు వాచ్యార్థమే మారిపోయింది. పాఠభేదమంటే అక్షరభేదమే అనుకొనే పద్ధతికి ఈ మార్పు అందదు.

‘పొడుస్తున్న పొద్దుమీద’ మరింత ఇబ్బంది పెట్టే ఉదాహరణ. 2011లో ‘జై బోలో తెలంగాణ’ చిత్రంతో ధ్వనిముద్రణలో స్థిరపడిన ఆ పాట రాబోయే రాష్ట్రాన్ని గురించినది. 2014 జూన్ 2 తరువాత పాడినప్పుడు అందులోని భవిష్యత్తు గతమైపోతుంది. ఆశగా వినబడినది జ్ఞాపకంగానో, నెరవేరని భాగాన్ని అడిగే నిలదీతగానో వినబడాలి. ఏది వినబడుతుందో తేల్చేది గాయకుడు ముందు వెనుకల చేర్చే వచనమే. ఆ వచనం ఏ పాటల పుస్తకంలోనూ ఉండదు.

ఇదంతా లాభమే అని చెప్పడం సాధ్యం కాదు. ప్రసంగం పెరిగి పాటను మింగిన సందర్భాలూ గద్దర్ సభల్లో ఉన్నాయి. చరణం ఒక ఉపన్యాసానికి సాకుగా మారి, తిరిగి పల్లవి వచ్చేసరికి లయ చల్లారిపోవడం ఆయన చివరి దశాబ్దపు ప్రదర్శనల్లో తరచుగా కనిపిస్తుంది. పాఠాంతరాన్ని గౌరవించడమంటే ప్రతి పాఠాంతరాన్నీ మెచ్చుకోవడం కాదు.

3. తీర్థం అనే వేదిక

వేదిక పాటను ఎందుకు మారుస్తుందో తెలియాలంటే వేదికను చూడాలి. సభాభవనంలో టిక్కెట్టు కొని కూర్చున్న శ్రోతను ఆధారం చేసుకొన్న సిద్ధాంతం తెలుగు పల్లెకు చాలదు. ఇతర ప్రాంతాల్లో జాతర అనేదాన్ని గోదావరి జిల్లాల్లో తీర్థం అంటారు. పి.గన్నవరానికి పొరుగునే, అంబాజీపేట మండలం మొసలపల్లి వద్ద జగ్గన్నతోటలో కనుమనాడు జరిగే ప్రభల తీర్థం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. కొన్ని కౌశికను దాటి, చేల మీదుగా తోటకు చేరుతాయి. మేళతాళాలు, గరగలు, బాణసంచా, అమ్మకందార్ల కేకలు ఒకేసారి వినబడే చోటు అది. అక్కడ శ్రోత నిలకడగా ఉండడు. నడుస్తూ వింటాడు, కొంత విని ముందుకు సాగిపోతాడు.

ఇటువంటి చోట పాడేవాడు ఆల్బమ్‌లోని నిడుపాటి వాద్య ప్రవేశికను నమ్ముకోలేడు. పిలుపుతో మొదలుపెట్టాలి. పల్లవి త్వరగా రావాలి, మాటిమాటికీ రావాలి, మధ్యలో వచ్చి నిలబడినవాడికి కూడా అందాలి. పద్యనాటకం ఈ సంగతిని ఏనాడో గ్రహించింది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు రికార్డుల్లో ఒక పరిమాణానికి కుదించుకుపోతే, రాత్రంతా సాగే నాటకంలో అవే పద్యాలు రాగాలాపనతో సాగి, ‘వన్స్‌మోర్’ కేక మీద మళ్లీ మొదలయ్యేవి. రికార్డు పద్యానికి కొలత ఇచ్చింది, ఆ కొలతను సభ తీసివేసింది. కాసెట్టు కాలపు కవిగాయకునికి ఈ పని కొత్తది కాదు, పాటకు వారసత్వంగా వచ్చినదే.

భాష కూడా ఇక్కడ కదులుతుంది. వంగపండు ప్రసాదరావు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ ఉత్తరాంధ్ర పలుకుబడిలో ఉన్నా గోదావరి శ్రోతకు వివరణ అక్కరలేదు. తెలంగాణ పాట అలా కాదు. అందులోని ఒక క్రియారూపం, ఒక పనిముట్టు పేరు ఇటువైపు శ్రోతకు ఆగి విప్పవలసినదవుతుంది. గాయకుడు చరణానికి ముందు చెప్పే వచనం ఆ పని చేస్తుంది. పుస్తకంలో పాదసూచికకు చెందవలసిన పనిని వేదిక మీద ముచ్చట నెరవేరుస్తున్నది.

4. తెరిచి ఉంచిన జాబితా

గోరటి వెంకన్న మార్గం వేరు. ఆయనలో ఆవేశం కన్నా విలంబం ఎక్కువ. తత్త్వాల, యక్షగానాల వాసనతో పెరిగిన గొంతు అది. వేదిక మీద అడుగు వేస్తూ, ఊగుతూ, ఒక వాగునో పిట్టనో చేతులతో చూపిస్తూ పాడతాడు. ధ్వనిముద్రణకు ఈ దేహం అందదు. వీడియోకు కొంత అందుతుంది.

‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ చిత్రం ద్వారా విస్తృతంగా ప్రచారమయింది. ఆ పాట నిర్మాణం ఒక జాబితా: కుమ్మరి, కమ్మరి, సాలె వంటి చేతివృత్తులు ఒక్కొక్కటిగా ఎలా మూతబడ్డాయో చరణాలు చెబుతాయి. కారణకార్య క్రమంలో ఒకదానికొకటి ముడిపడిన చరణాలు కావవి, పక్కపక్కన నిలిచినవి. కనుక వాటిలో ఒకటి తీసినా, రెండింటిని తారుమారు చేసినా, కొత్తది చేర్చినా కట్టడం కూలదు. సినిమా ఈ జాబితాను మూసింది. వేదిక దాన్ని తెరవగలదు. కొబ్బరి వ్యాపారానికి పేరుపడిన అంబాజీపేట దగ్గర ఈ పాటను వినే కొబ్బరి దింపు కార్మికుడు, పీచు పని చేసే స్త్రీ తమ చరణం ఏదని అడిగితే, ఆ ప్రశ్నకు పాట లోపలే చోటుంది. విమర్శకులు ఈ పాటను ప్రపంచీకరణ వ్యతిరేక గీతంగా ఎన్నోసార్లు వ్యాఖ్యానించారు. దాని మన్నికకు కారణమైన ఈ తెరిచిన నిర్మాణాన్ని గురించి చెప్పినవారు తక్కువ.

వెంకన్నకు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ‘వల్లంకి తాళం’ పుస్తకానికి వచ్చింది. పాటకవికి దక్కిన గౌరవంగా అది సంతోషించదగినదే. అయినా గౌరవం అందుకొన్నది అచ్చు. 2016లో బాబ్ డిలాన్‌కు నోబెల్ బహుమతి వచ్చినప్పుడు కూడా పాట సాహిత్యమా అన్న వాదమే చెలరేగింది. 1988 నుంచి ఏళ్ల తరబడి సాగిన తన పర్యటనల్లో డిలాన్ పాత పాటలను శ్రోత గుర్తుపట్టలేనంతగా మార్చి పాడుతూ వచ్చాడు. వాటిలో ఏ రూపానికి బహుమతి అన్న ప్రశ్న ఆ వాదంలో వెనుకబడింది. తెలుగులో ఆ ప్రశ్న ఇంకా మొదలే కాలేదు.

5. బ్యాండు కాలం

హైదరాబాదు కేంద్రంగా వచ్చిన ‘చౌరస్తా’ వంటి బృందాలతో స్వతంత్ర సంగీతం మరో దశకు చేరింది. ‘ఊరెళ్ళిపోతా మామా’ జానపద ఫణితిని రెగే లయతో కలిపిన పాట. కాసెట్టు స్థానంలో యూట్యూబు వచ్చింది. సభ స్థానంలో కళాశాల ఉత్సవం, టిక్కెట్టు ప్రదర్శన వచ్చాయి. స్టూడియోలో పొరలు పొరలుగా పేర్చిన ధ్వనులను వేదిక మీద కొద్దిమంది చేతులకు పంచవలసి రావడం వల్ల మార్పు ప్రధానంగా వాద్య కూర్పులో జరుగుతుంది. సాహిత్యం మాత్రం దాదాపు అలాగే ఉండాలి, ఎందుకంటే శ్రోతకు అది కంఠస్థం. అతడు వచ్చిందే కలిసి పాడడానికి. గద్దర్ శ్రోతకు కూడా పల్లవి కంఠస్థమే, అయినా పల్లవుల మధ్య ఏం వస్తుందో అతనికి తెలియదు. ఆ తెలియనితనాన్ని కొత్త వేదిక ఇంకా సంపాదించుకోవలసి ఉంది. ధ్వనిపరంగా ఎక్కువ మారుతున్నట్టు కనిపించే బ్యాండు పాట సాహిత్యపరంగా తక్కువ మారుతున్నది.

6. పరిష్కరణ సమస్య

వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. వారి పాటలకు ఇక కొత్త పాఠాలు కవి నోట పుట్టవు. ఉన్నవి చెదిరిపోయి ఉన్నాయి: అచ్చు పుస్తకాలు, పాత కాసెట్లు, సినిమా రీళ్లు, ఎవరెవరి ఫోన్లలోనో ఉన్న సభల వీడియోలు. సమగ్ర సంపుటాల సంపాదకులు వీటిలో ఒకదాన్ని మూలంగా తీసుకొని మిగిలినవాటిని విడిచిపెడితే, తాళపత్రాల మధ్య పాఠభేదాలను ఓపికగా సేకరించిన మన పరిష్కరణ సంప్రదాయం కళ్లెదుటి కవుల విషయంలో విఫలమైనట్టే. ప్రతి పాఠానికీ ఊరు, తేదీ, సందర్భం, వంతల సంఖ్య, మధ్య వచనం నమోదు కావాలి. అలా నమోదు చేయబోతే మొదటి చిక్కు లిపిదగ్గరే వస్తుంది. చరణం మధ్యలో ఆగి చెప్పిన వచనాన్ని పాటలో భాగంగా అచ్చువేయాలా, కుండలీకరణంలో పెట్టాలా, అడుగున చిన్న అక్షరాల్లోకి దించాలా అన్నది సంపాదకుడు మొదటి పుటలోనే తేల్చుకోవాలి. అడుగున వేస్తే, గద్దర్ పాటలో సగం అడుగునే ఉంటుంది.