మెమరీ కార్డులో మన పాట

శివరాత్రికి శ్రీశైలం వచ్చిన మన పిల్లలు మల్లన్న పాటలు ఫోన్లలో ఎక్కించుకుని గూడేలకు తెస్తున్నారు. అవే పాటలు సీడీలోనూ విన్నాం. ఫోన్లో మాట తెలుస్తోంది గానీ, డప్పు దెబ్బ సెగ చూపని డప్పులా మెత్తబడింది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు; 128 కిలోబిట్ల ఎంపీ3లో పదకొండో వంతే. చెవి పట్టించుకోదనుకున్నదాన్నే కోస్తారట. క్యాసెట్టూ గొప్పదేం కాదు, బుస్సుమనేది.

సినిమా పాటను ఎంత కోసినా అసలు ప్రతి కంపెనీ దగ్గర ఉంటుంది. మన అవ్వ పాటకు ఫోన్లో పట్టిందే అసలు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పడితే పుట్టినప్పుడే నలిగిపోతుంది. టీచర్లూ, వేవ్ ఫైలుగా పట్టండి. 32 జీబీ కార్డులో దాదాపు 50 గంటలు పడుతుంది. నిండితే సినిమాలు తీసేద్దాం.