కుట్టు లేని పట్టు

ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు వచ్చిన మనిషికి పొట్ట పాడవదు. పాడయ్యేది మింగే బలం. కండరాలకు కబురు మోసే నరకణాలు క్షీణించే కొద్దీ నాలుక, గొంతు చిక్కిపోతాయి. మొదట నీళ్లకు పొలమారుతుంది. తర్వాత జొన్నరొట్టె ముక్క గొంతులో నిలుస్తుంది. ఆ పైన గిన్నెడు గటక తినడానికే గంట పడుతుంది. చెడిన దారిని పక్కనపెట్టి, బాగున్న పొట్టకు నేరుగా ఆహారం చేర్చే సన్నని గొట్టమే పెగ్. దాన్ని అమర్చే తీరులో ఉన్న పనితనం దగ్గర్నించి చూడదగ్గది.

కడుపు కోసి పొట్టలోకి గొట్టం పెట్టడం 19వ శతాబ్దం నుంచీ ఉంది. కానీ దానికి మామూలుగా పూర్తి మత్తు కావాలి. ఊపిరి కండరాలు నీరసించిన మనిషికి ఆ మత్తే గండం. 1979 జూన్‌లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పిల్లల సర్జన్ మైకేల్ గాడరర్, ఎండోస్కోపీ తెలిసిన సర్జన్ జెఫ్రీ పాన్‌స్కీ కలిసి కడుపు తెరవకుండానే ఆ పని చేశారు. తొలి రోగి నెలల పసికందు. 1980లో వాళ్లు ప్రకటించిన పద్ధతే చిన్నచిన్న మార్పులతో నేటికీ నడుస్తోంది.

రోగి కొన్ని గంటల ముందు నుంచీ ఏమీ తినకూడదు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో డాక్టరు ముందే చెబుతారు. చీము పట్టకుండా ఒక యాంటీబయాటిక్, నిద్రమత్తుకు కొద్దిపాటి మందు ఇచ్చి, తలవైపు ఎత్తి పడుకోబెడతారు. నోట్లోంచి ఎండోస్కోపు, అంటే కొసన కెమెరా ఉన్న గొట్టం, దిగుతుంది. గాలి నింపగానే పొట్ట ఉబ్బి కడుపు గోడకు ఆనుతుంది. గదిలో దీపాలు తగ్గిస్తే, ఎండోస్కోపు కొసనున్న వెలుగు చర్మం మీద ఎర్రగా కనబడుతుంది. డాక్టరు అక్కడ వేలితో నొక్కి, తెర మీద పొట్ట లోపలి గోడను చూస్తారు. సరిగ్గా అదే చోట గుంట పడాలి. పడకపోతే మధ్యలో పేగో కాలేయమో అడ్డున్నట్టే అనుకుని మరో చోటు వెతుకుతారు. వెలుగూ వేలూ ఒకే మాట చెప్పినప్పుడే సూది దిగుతుంది.

ఆ చోట తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, సెంటీమీటరు కోత పెట్టి, సూది గుండా పొట్టలోకి దారం వదులుతారు. ఎండోస్కోపు ఉచ్చు దాన్ని పట్టి నోటి నుంచి పైకి తెస్తుంది. దారానికి గొట్టం ముడివేసి కడుపు వైపు నుంచి లాగితే, లంగాకు బొందు ఎక్కించినట్టు, గొట్టం గొంతు దాటి, పొట్టలోకి దిగి, కోతలోంచి బయటికి వస్తుంది. దాని చివరనున్న గుండ్రటి మెత్తటి బిళ్ల పొట్ట లోపలి గోడకు ఆని ఆగిపోతుంది. బయట చర్మం మీద మరో బిళ్ల. గొట్టం మందం దాదాపు 7 మిల్లీమీటర్లు. ఒక్క కుట్టు లేదు. అంతా సజావుగా సాగితే అరగంట పని.

అసలు నేర్పు బయటి బిళ్లను బిగించడంలో ఉంది. వదులైతే పొట్టలోది బయటికి కారుతుంది. మరీ బిగిస్తే లోపలి బిళ్ల గోడను ఒరుసుకుని క్రమంగా అందులోనే కూరుకుపోతుంది. అందుకే పుండు మానాక చర్మానికీ బిళ్లకూ మధ్య అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా సందు ఉంచుతారు.

మామూలుగా నాలుగు గంటలు గడిచాక గొట్టంలో ఆహారం మొదలుపెట్టవచ్చు. కోత చోట కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. ఇక ఇంట్లోవాళ్ల పనితనం మొదలు. రోగిని కూర్చోబెట్టి, సిరంజి దట్టా తీసేసి, జావ పోసి ఎత్తి పట్టుకోవాలి. ఎత్తితే వేగం, దించితే నెమ్మది. అయ్యాక గంటసేపు పడుకోబెట్టకూడదు. గటక గట్టిగా ఉంటే గొట్టం పూడుకుపోతుంది. తైదల జావైనా పప్పుకట్టైనా పలచగా చేసి, గుడ్డలో వడగట్టాలి. వట్టి జావతో ఒళ్లు నిలవదు కాబట్టి రోజుకు ఎంత బలం చేరాలో డైటీషియన్‌తో లెక్క వేయించుకోవాలి. ఆహారానికి ముందూ తర్వాతా కాచి చల్లార్చిన నీళ్లు సిరంజితో పంపాలి. ఏ మాత్ర నూరవచ్చో డాక్టరును అడిగి, ఒక్కోదాన్ని విడిగా నీళ్లలో కలిపి ఇవ్వాలి. మొదటి నెలలో గొట్టం ఊడితే ఇంట్లో ఎవరూ దాన్ని మళ్లీ లోపలికి తోయకూడదు. ఎప్పుడు ఊడినా ఆ రంధ్రం గంటల్లోనే మూసుకుపోతుంది గనుక వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి.

నరాల డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు, ఎండోస్కోపీ డాక్టరు ఒకేచోట ఉండాలి గనుక పాలమూరు, నల్లగొండ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి పెద్దాసుపత్రికి పోవాల్సి రావచ్చు. ఈ ప్రయాణమే వాయిదా పడుతుంది. ‘నాయిన ఇంకా తింటున్నడు గదా, గిప్పుడే గొట్టమెందుకు’ అంటారు. ఊపిరి బలం ఉండాల్సిన దాంట్లో సగానికి పడిపోక ముందే, బరువు బాగా తగ్గకముందే పెట్టించడం మేలని వైద్యుల మాట. ఊపిరి అంతకన్నా తగ్గితే, ఊపిరికి తోడ్పడే బైపాప్ మిషన్ పెట్టుకునే చేయడమో, ఎక్స్‌రే సాయంతో గొట్టం అమర్చడమో చూస్తారు. అయితే ప్రమాదం ఎక్కువ.

పెగ్ జబ్బును ఆపదు. లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారడాన్నీ పూర్తిగా ఆపలేదు. బరువు నిలబెట్టడం, మందులూ నీళ్లూ తప్పకుండా చేర్చడం, భోజనమంటే భయం లేకుండా చేయడం దాని పని. గొంతు ఒప్పుకున్నంతకాలం నోటికి రుచి చూపించడానికీ అది అడ్డురాదు. పెట్టించుకోవాలా వద్దా అన్నది రోగి మాట. ఆ మాటను అతను చెప్పగలిగినప్పుడే అడగండి. మూడు నెలలకోసారి బరువు, ఊపిరి పరీక్ష చేయించి, ‘పెగ్ ఎప్పుడు’ అని డాక్టరును మీరే అడగండి.