ప్యానెల్ ఆయుష్షు వైరులోనే

ఫ్యాక్టరీలో మోటారు ఆగిందంటే అందరి చూపూ ముందు కాంటాక్టర్ మీదికో, రిలే మీదికో పోతుంది. వైరును ఎవరూ అనుమానించరు. తీరా కాలిపోయిన ప్యానెల్ బోర్డు విప్పి చూస్తే టెర్మినల్ దగ్గర నల్లబడ్డ రాగి, పెళుసుబారి పొట్టులా రాలే ఇన్సులేషన్ కనిపిస్తాయి. బాలానగర్, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో ప్యానెళ్లు కట్టేవాళ్లు వైరు ఎంపికకు అంత విలువ ఇవ్వడం ఇందుకే. ఎన్ని ఆంపియర్లు మోయాలో తేల్చుకుంటే సగం పనే అయినట్టు. ఎంత వేడిలో మోయాలి, ఏ వైర్ల పక్కన ఉండాలి, కదులుతుందా కదలదా అన్నవీ తేలాలి.

పట్టికలో ఒకటి, పెట్టెలో ఒకటి

5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు తీసుకుందాం. నిండు లోడులో సుమారు 7.5 ఆంపియర్లు లాగుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల పట్టిక ప్రకారం డక్టులో వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల పీవీసీ రాగి వైరు 15.5 ఆంపియర్లు మోస్తుంది. కావలసినదానికి రెట్టింపు ఉంది, ఇంకేం అనిపిస్తుంది. అయితే ఆ అంకె చుట్టూ 30 డిగ్రీల వేడి ఉన్నప్పటిది, డక్టులో ఒక్క సర్క్యూటే ఉన్నప్పటిది.

మన ఎండాకాలంలో బయటే 42 డిగ్రీలుంటే, డ్రైవులూ ట్రాన్స్‌ఫార్మర్లూ బిగించి తలుపు మూసిన పెట్టెలో 50కి చేరడం వింతేమీ కాదు. 50 డిగ్రీల దగ్గర ఆ అంకెను 0.71తో గుణించాలి. 11 ఆంపియర్లకు దిగుతుంది. అదే డక్టులో అలాంటి సర్క్యూట్లు ఆరు ఒకేసారి నిండుగా నడుస్తుంటే మరోసారి 0.57తో గుణించాలి. చివరికి మిగిలేది 6.3. మోటారుకు కావలసింది 7.5.

ఇక్కడ ఓవర్‌లోడ్ రిలే కూడా ఆదుకోదు. మోటారు లాగాల్సినంతే లాగుతోంది కనుక దాని లెక్కలో తప్పేమీ లేదు, అది ట్రిప్ కాదు. వైరు మాత్రం రోజూ కొంచెం కొంచెంగా వేగిపోతుంది. 2.5 వేస్తే పట్టికలోని 21 ఆంపియర్లు ఇదే లెక్కలో 8.5 అవుతాయి. గట్టెక్కుతుంది గానీ అంచు మీదే. నాలుగుకు వెళ్తే 11 దాటుతుంది. లేదంటే డక్టు పెద్దది పెట్టి వైర్లను విడదీయాలి, గాలి ఆడేలా చూడాలి. మామూలు పీవీసీ 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. హెచ్‌ఆర్ రకం పీవీసీ 85, ఎక్స్‌ఎల్‌పీఈ 90 డిగ్రీల వరకు ఓర్చుకుంటాయి. వేడి ఎక్కువున్న చోట ఆ తేడాకు పెట్టే డబ్బు వృథా కాదు.

పోగుల లెక్క

ప్యానెల్ లోపలికి ఒంటి కడ్డీ వైరు పనికిరాదు. డక్టు మలుపుల్లో వంగదు, పదేపదే వంచితే విరుగుతుంది. సన్నపోగుల ఫ్లెక్సిబుల్ వైరే వాడతారు. మన మార్కెట్లో సాధారణంగా దొరికే 1.5 వైరులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 22, 2.5లో 36 ఉంటాయి. కొనే ముందు ఒక చివర ఒలిచి పోగులు లెక్కపెట్టడం, ఒక పోగు మందం మైక్రోమీటర్‌తో కొలవడం చేస్తే రాగిలో మోసం అక్కడే బయటపడుతుంది.

పనిలో జరిగే నష్టం కూడా తక్కువేమీ కాదు. బ్లేడుతో తొక్క తీస్తూ 22 పోగుల్లో అయిదు తెంపితే, ఆ చోట వైరు పావువంతు దాకా సన్నబడినట్టే. అందుకే కొలతకు సరిపోయే స్ట్రిప్పర్ కావాలి. ఒలిచిన కొసకు లగ్గు తొడిగి సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి, కటింగ్ ప్లేయర్‌తో నలిపితే కాదు. కొందరు గట్టిగా ఉంటుందని కొసకు టంకం పూసి స్క్రూ కింద బిగిస్తారు. టంకం మెత్తటి లోహం. ఒత్తిడికి మెల్లగా జారుతుంది, బిగింపు వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. తలుపు మీది మీటర్లకూ బటన్లకూ వెళ్లే వైర్లకు స్పైరల్ తొడిగి, తలుపు పూర్తిగా తెరిచినా లాగకుండా వంపు వదలాలి.

చిన్న కరెంటు, లావు వైరు

కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, అంటే సీటీ దగ్గర లెక్క ఇంకోలా ఉంటుంది. దాని సెకండరీలో పారేది 5 ఆంపియర్లో, ఒక ఆంపియరో. అయినా అక్కడ 2.5 వేయడం రివాజు. సీటీ నుంచి మీటరుకు పది మీటర్ల దూరం ఉంటే రానూపోనూ ఇరవై. 5 ఆంపియర్ల దగ్గర 1.5 వైరు ఒక్కటే సుమారు 6.7 వీఏ మింగేస్తుంది, 2.5 అయితే నాలుగు. సీటీ సామర్థ్యమే 5 వీఏ అయితే మొదటి వైరుతో మీటరు తప్పు చూపిస్తుంది. పైగా లోడు నడుస్తుండగా సీటీ వైరు తెగితే ఆ కొసల మధ్య ప్రాణాంతకమైన వోల్టేజీ పుడుతుంది. అక్కడ బలమైన వైరు వేయడం మనిషి భద్రత కోసం కూడా.

ఇరుగు పొరుగు

ట్యాంకు నీటిమట్టం లాంటి కొలతను 4–20 మిల్లీఆంపియర్ల సిగ్నల్‌గా తీసుకెళ్లే వైరును డ్రైవు నుంచి మోటారుకు వెళ్లే వైరు పక్కన వేస్తే, ట్యాంకులో నీరు నిలకడగా ఉన్నా తెరమీద అంకె ఊగుతుంది. సిగ్నల్‌కు మెలిపెట్టిన జంట, దానిపై షీల్డు, వేరే డక్టు కావాలి. రెండూ కలవక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించాలి.

రంగులూ నంబర్లూ ఆ తర్వాత ప్యానెల్ తెరిచే కొత్తమనిషి కోసం. ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు పచ్చ మనకు అలవాటైనవే. మెయిన్ స్విచ్ ఆపినా బయటి నుంచి కరెంటు వస్తూనే ఉండే వైర్లను నారింజ రంగులో వేయాలన్నది యంత్రాల ప్రమాణాల్లోని మంచి పద్ధతి. వైరు రెండు కొసలకూ ఒకే నంబరు ఫెర్రూల్ ఉంటే, రాత్రి షిఫ్టు ఎలక్ట్రీషియన్ డ్రాయింగ్ చూసి పావుగంటలో తప్పు పట్టుకుంటాడు. లేకపోతే తెల్లారేదాకా బజర్ పట్టుకుని వెతకాల్సిందే.

ఆసుపత్రులు, మెట్రో స్టేషన్ల లాంటి చోట్ల మరో ప్రశ్న అడగాలి: మంట వస్తే ఈ వైరు ఏం వదులుతుంది? మామూలు పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, దట్టమైన పొగలో దారి కనిపించదు. పొగ తక్కువ వచ్చే, హాలోజన్ లేని వైర్లు అక్కడికి తప్పనిసరి ఖర్చు.

కొటేషన్లలో స్విచ్‌గేర్ కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, వైరు గురించి ‘తగిన సైజు’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ధర తగ్గించమంటే కోత పడేదీ అక్కడే. ప్యానెల్ కొనేవాళ్లు వైరు సైజు, ఇన్సులేషన్ రకం, పెట్టె లోపల ఎన్ని డిగ్రీలకు లెక్క కట్టారు అన్న మూడింటినీ ఆర్డరులోనే రాయించుకోవాలి. పని తెలిసిన ప్యానెల్ మేకర్ ఆ ప్రశ్నలకు నొచ్చుకోడు, లెక్క కాగితం తీసి చూపిస్తాడు.