మరి మరి నిన్నే: కాంభోజిలోనా, సారమతిలోనా?

త్యాగరాజస్వామి ‘మరి మరి నిన్నే’ కీర్తన ఏ రాగమని అడిగితే ఇవాళ రెండు జవాబులు వస్తాయి. గురువు ముందు కూర్చుని పాఠం చెప్పించుకున్నవాళ్లు కాంభోజి అంటారు. సినిమా పాటల దారిన సంగీతం దగ్గరికి వచ్చినవాళ్లు సారమతి అంటారు. మొదటిది సంప్రదాయం చెప్పే మాట. రెండోది 1985లో కె. బాలచందర్ తీసిన తమిళ చిత్రం ‘సింధుభైరవి’ కోసం ఇళయరాజా కట్టిన వరస. ఆ సినిమా సంగీతానికి జాతీయ పురస్కారం వచ్చింది. అందులో పాడిన చిత్రకు మొదటి జాతీయ పురస్కారం వచ్చింది. అయినా శ్రోతల మధ్య తగువు తీరలేదు, నలభై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. కర్ణాటక సంగీతం తెలిసిన నలుగురు చేరిన చోట ఈ పాట ప్రస్తావన వస్తే ఇప్పటికీ గొంతులు పెరుగుతాయి.

అభ్యంతరం చెప్పేవాళ్లది చాదస్తమని కొట్టిపారేయడం అన్యాయం. త్యాగయ్య వాగ్గేయకారుడు. మాటనూ పాటనూ విడివిడిగా రాసుకుని తర్వాత అతికించినవాడు కాదు. ఆయన కృతులు వాలాజపేట, ఉమయాల్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల ద్వారా నోటి నుంచి నోటికి దిగి వచ్చాయి. సాహిత్యాన్ని ఉంచి రాగాన్ని తీసేస్తే సగం త్యాగయ్యను పక్కన పెట్టినట్టే కదా అని వాళ్ల వాదన. ఇంకో మెలిక కూడా ఉంది. సారమతి త్యాగయ్యకు తెలియని రాగం కాదు. ‘మోక్షము గలదా’ ఆ రాగంలోనే చేశాడు. సారమతి చేతిలో ఉండగానే ‘మరి మరి నిన్నే’కు కాంభోజిని ఎంచుకున్నాడంటే దానికో కారణం ఉండాలి.

ఆ కారణం సాహిత్యంలోనే దొరుకుతుందని నాకనిపిస్తుంది. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా నీకు దయ రాదేమని పల్లవిలో అడుగుతాడు. అక్కడితో ఆగితే అది దీనంగా వేడుకోవడమే. కానీ తర్వాత సాక్ష్యాలు తీస్తాడు. ఏనుగు మొర వినగానే పరుగెత్తావే, ధ్రువుడి ఎదుట నిలిచావట గదా, ప్రహ్లాదుడి కోసం నరసింహుడివి అయ్యావే, మరి నా సంగతేమిటని నిలదీస్తాడు. చనువున్న భక్తుడు దేవుడితో ఆడే వ్యాజ్యం ఇది. ఇలాంటి పాటకు కాంభోజి నప్పుతుంది. అది నిండైన రాగం. గంటసేపు ఆలాపన చేసినా తరగనంత సరుకు ఉన్న రాగం. ‘ఓ రంగశాయి’, ‘ఎవరి మాట’ కూడా అందులోనివే. గాయకుడు ‘మగస నిపదస’ అని ఆ ప్రత్యేక ప్రయోగం ఒక్కటి వేస్తే చాలు, సభలో తల ఊపనివాడు ఉండడు.

ఇప్పుడు ఇళయరాజా చేసిన పని దగ్గరికి వద్దాం. పక్కన హార్మోనియం ఉంటే విషయం చేతికే తెలుస్తుంది. కాంభోజి హరికాంభోజి జన్యం. అందులో అంతర గాంధారం, చతుశ్శ్రుతి ధైవతం ఉంటాయి. సారమతి నటభైరవి జన్యం. గాంధారం సాధారణ గాంధారమవుతుంది, ధైవతం శుద్ధ ధైవతమవుతుంది. అంటే ఈ రెండు స్వరాలను ఒక్కో మెట్టు కిందికి జరపాలి, అంతే. షడ్జమం, రిషభం, మధ్యమం, పంచమం, కైశికి నిషాదం ఎక్కడివక్కడే ఉంటాయి. రెండు మెట్లు కదిపినందుకు పాట ముఖం మారిపోతుంది. కాంభోజిలో నిలదీసిన గొంతు సారమతిలో అలిసిపోయి బతిమాలుతున్నట్టు ఉంటుంది.

అసలు కీలకం అవరోహణలో ఉంది. సారమతి ఎక్కేటప్పుడు ఏడు స్వరాలూ పట్టుకుని ఎక్కుతుంది. దిగేటప్పుడు ‘స ని ద మ గ స’ అంటూ పంచమాన్నీ రిషభాన్నీ వదిలేసి దిగుతుంది. ఆ దిగుడు అచ్చంగా హిందోళం అవరోహణే. సంగీతం నేర్చుకోని చెవికి కూడా హిందోళం పరాయిది కాదు. అయిదు స్వరాల దిగుడు పల్లె గొంతుకు సులువుగా పట్టుబడుతుంది. అంటే సారమతిలో ఒక వైపు కచేరీ రాగానికి ఉండాల్సిన పూర్తి స్వరసంపద ఉంది, ఇంకో వైపు జానపదానికి దగ్గరి దారి ఉంది. ఇళయరాజాకు ఆ సన్నివేశంలో ఈ రెండూ కావలసి వచ్చాయి.

సన్నివేశం ఇదీ. విద్వాంసుడు జేకేబీ తెలుగు కీర్తనలు పాడుతూంటే శ్రోతల్లోంచి సింధు అనే సంగీతం టీచరు లేచి, వినేవాళ్లకు అర్థమయ్యే తమిళంలో పాడకూడదా అని అడుగుతుంది. నువ్వే పాడి చూపించు అని ఆయన సవాలు చేస్తాడు. ఆమె వేదికెక్కి, చదువూ సంగీతమూ ఎరగనిదాన్నంటూ పల్లె బాణీలో ఎత్తుకుంటుంది. పాట మెల్లగా కచేరీ నడకలోకి వస్తుంది, స్వరాలు పడతాయి, ఆ స్వరాల మీదుగా చివరికి ‘మరి మరి నిన్నే’లోకి ప్రవేశిస్తుంది. ఎక్కడా అతుకు కనిపించదు. ఆమె వాదమంతా ఆ అతుకు లేకపోవడంలోనే ఉంది: మీ కీర్తనా మా పల్లె పాటా ఒకే స్వరాల్లోంచి పుట్టాయి, మధ్యలో గోడ కట్టింది మీరే అని. కీర్తన కాంభోజిలోనే ఉండి పల్లె పాట ఇంకో రాగంలో ఉంటే ఈ మాట పాటలో చెప్పడం కుదరదు, సంభాషణలో చెప్పుకోవాల్సి వస్తుంది. కాంభోజిలో జానపదం కట్టలేరా అంటే కట్టొచ్చు. కానీ అప్పుడు సాధారణ శ్రోతకు ఆ దిగుడులోని చనువు దొరకదు.

‘మోక్షము గలదా’లో త్యాగయ్య అడిగింది గుర్తు చేసుకుంటే ఇంకో పొర కనిపిస్తుంది. భక్తీ సంగీతజ్ఞానమూ లేనివాళ్లకు మోక్షముందా అని సారమతిలో అడిగాడు ఆయన. తనకేమీ తెలియదని మొదలుపెట్టిన మనిషి అదే సారమతిలో పాడి ఓ పండితుణ్ణి ఓడించింది. త్యాగయ్య ప్రశ్నకు త్యాగయ్య రాగంలోనే బదులు వచ్చినట్టు నాకు వినిపిస్తుంది. అందుకే ఈ మార్పును దొంగతనం అనలేను. కథ తెలిసి, రాగం తెలిసి, త్యాగయ్య తెలిసి చేసిన పని ఇది.

రాగం మారడం మన సంగీతానికి కొత్తా అంటే అదీ కాదు. తాళ్లపాక రాగిరేకుల మీద అన్నమయ్య కీర్తనలకు రాగాల పేర్లున్నాయి గానీ వరసలు మనదాకా రాలేదు. ఇవాళ మనం పాడుకునేవి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి వారు కట్టినవి. అక్కడ రేకు మీది రాగం ఒకటి, గొంతులో రాగం ఒకటి అయిన సందర్భాలున్నాయి, ఎవరూ కత్తులు దూయలేదు. త్యాగయ్య ‘నగుమోము’నే చూడండి. ఆభేరి పాత లక్షణం ప్రకారం శుద్ధ ధైవతం ఉండాలి. కచేరీల్లో అందరూ చతుశ్శ్రుతి ధైవతంతో పాడుతున్నారు. ఈ మార్పును సినిమావాళ్లు తేలేదు, విద్వాంసులే తెచ్చారు.

అయితే ఈ ఉదాహరణలు పూర్తిగా సరిపోవని ఒప్పుకోవాలి. అన్నమయ్య వరసలు పోయాయి కాబట్టి కొత్తవి కట్టారు. ‘మరి మరి నిన్నే’ వరస పోలేదు, నిక్షేపంలా ఉంది. ఉన్నదాన్ని మార్చడం వేరు, పోయినదాన్ని పూరించడం వేరు. ఈ తేడా చెప్పకుండా ఇళయరాజాను సమర్థించేవాళ్లు సగం మాటే చెబుతున్నారు.

అదే సినిమాలోని ‘కలైవాణియే’ మీద ఇంకో రకం చీలిక ఉంది. ఏసుదాసు పాడిన ఆ పాటను కల్యాణి ఆరోహణలోనే కట్టారు. ప్రతి పలుకూ పైకి ఎక్కుతుంది, తర్వాతి పలుకు మళ్లీ కింద మొదలై ఎక్కుతుంది. వరసగా మెట్లు దిగడమన్నది లేదు. దీన్ని మహా చమత్కారమని మెచ్చుకునేవాళ్లున్నారు. అవరోహణ లేని కల్యాణికి ప్రాణం ఎక్కడుంటుందని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. లక్షణం చెప్పకుండా వినిపిస్తే చాలామందికి అది నిండు కల్యాణిగానే తోస్తుంది. ఏసుదాసు గమకం అలాంటిది. నియమం వినేవాడికి అడ్డు రాలేదంటే కట్టినవాడు గెలిచినట్టే అంటాను.

తెలుగువాళ్లకు ఈ తగువులో ప్రత్యేకమైన చోటు ఉంది. తమిళదేశంలో 1940లలో రాజా సర్ అన్నామలై చెట్టియార్ అండతో తమిళ ఇసై ఉద్యమం నడిచింది. కచేరీల్లో తెలుగు, సంస్కృత కృతులే ఏలుతున్నాయి, మా భాషకు చోటేదని వాళ్లు అడిగారు. సింధు అడిగిన ప్రశ్నకు వేళ్లు అక్కడున్నాయి. అందులో న్యాయం ఉంది. కానీ అదే సన్నివేశం ‘పాడలేను పల్లవైనా’ అంటూ తెలుగులోకి వచ్చేసరికి చిక్కు మొదలైంది. కీర్తన తెలుగే, వినేవాళ్లదీ తెలుగే. మరి అర్థం కాని భాష ఏది? నిజం చెప్పుకోవాలంటే, కచేరీలో సంగతి మీద సంగతి వేస్తూ పదాన్ని సాగదీస్తే, అది తన మాతృభాషేనని మరిచి కూర్చునే తెలుగు శ్రోత నేనూ అవుతాను. గజేంద్రుడు, ధ్రువుడు, ప్రహ్లాదుడు ఒకే కీర్తనలో వరసగా వస్తున్నారని పట్టించుకుని వినేవాళ్లెందరు? తమిళంలో భాష మీద నడిచిన వాదం తెలుగులో ఉచ్చారణ మీదికి, గాయకుడు పదాన్ని విరిచే తీరు మీదికి మళ్లాలి. మళ్లలేదు. రాగం మార్చారన్న కోపంలో సగమైనా పదాలు నలిగిపోతున్నాయన్న దాని మీద చూపించి ఉంటే త్యాగయ్యకు ఎక్కువ మేలు జరిగేది.

బాలచందర్ ఈ వాదాన్ని అక్కడితో వదల్లేదు. 1988లో చిరంజీవితో తెలుగులోనే ‘రుద్రవీణ’ తీశారు. ఈసారి భాష ఊసు లేదు, సంగీతం ఎవరి కోసం అన్నదే ప్రశ్న. మడి కట్టుకున్న విద్వాంసుడైన తండ్రికీ, ఊరి జనంలోకి పాటను తీసుకుపోదామన్న కొడుక్కీ మధ్య నలిగిన కథ. దానికీ ఇళయరాజాకు జాతీయ పురస్కారం వచ్చింది. నాకు ఈ రెండు సినిమాలూ ఒకే వాదంలోని రెండు వాయిదాల్లా అనిపిస్తాయి.

నష్టం మాత్రం ఒకటి జరిగింది. సినిమా వరస ఎంతగా పాతుకుపోయిందంటే, వేదిక మీద కాంభోజిలో ఎత్తుకుంటే ఇదేదో వేరే పాట అనుకునే శ్రోతలు తయారయ్యారు. తప్పు వరస కట్టినవాడిది కాదు. కథ కోసం కట్టిన వరస ఆ కథలో ఉంటేనే దాని అర్థం దానికి ఉంటుంది. సింధూ జేకేబీ లేకుండా సారమతి ‘మరి మరి నిన్నే’ను విడిగా పాడితే అది ఓ మంచి పాటగా మిగులుతుంది, వాదన మాయమవుతుంది. సంగీతం నేర్పే గురువులు పిల్లలు కోరితే ఆ వరసా నేర్పవచ్చు. కానీ ముందు కాంభోజిలో అనుపల్లవి దాకా పాడించి, ఏనుగు మొర దగ్గర రాగం ఎలా నిలదీస్తుందో గొంతుకు తెలియనిచ్చి, ఆ తర్వాత గాంధారాన్నీ ధైవతాన్నీ ఒక్కో మెట్టు దించమనాలి. అప్పుడు పిల్లలకు ఇళయరాజా ఏం చేశాడో తెలుస్తుంది, త్యాగయ్య ఏం చేశాడో అంతకంటే బాగా తెలుస్తుంది.