పదహారేళ్ల ప్రేక్షకుడూ, ‘అర్జున్ రెడ్డి’

ఒక సినిమా చిన్నవాళ్లు చూడదగిందా కాదా అనే ప్రశ్నను మన విమర్శకులు సాధారణంగా పట్టించుకోరు. అది తల్లిదండ్రుల బెంగ అనో, సెన్సారువారి ఉద్యోగం అనో వదిలేస్తారు. సాహిత్య విమర్శకు అంతకంటె గొప్ప పనులున్నాయని వారి అభిప్రాయం కాబోలు. కాని ఒక కళారూపం ఎవరి మీద, ఏ విధంగా పనిచేస్తుంది అనేది విమర్శలో మొదటి ప్రశ్న. ఆ ‘ఎవరు’ అనే చోట ఇంటర్మీడియట్ చదివే పదహారేళ్ల కుర్రవాడినో, అమ్మాయినో నిలబెడితే ప్రశ్న చిన్నదైపోదు. ఇంకా కష్టమవుతుంది. ఎందుకంటే ఆ వయసు ప్రేక్షకుడు వినోదం కోసం మాత్రమే చూడడు. తనకు తెలియని జీవితాన్ని ముందుగా చదువుకోవడానికి చూస్తాడు.

ఈ పరీక్షకు సందీప్ రెడ్డి వంగా దర్శకత్వంలో 2017 ఆగస్టులో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ని తీసుకుంటున్నాను. వచ్చి ఇన్నేళ్లయినా అది పాతబడలేదు. 2019లో ‘కబీర్ సింగ్’ పేరుతో హిందీలోకీ, అదే ఏడాది ‘ఆదిత్య వర్మ’ పేరుతో తమిళంలోకీ వెళ్లింది. విడుదలైనప్పుడు థియేటర్లోకి రానివ్వని వయసువాళ్లు తర్వాత సెల్‌ఫోన్లలో చూశారు, ఇప్పుడు వాళ్ల తమ్ముళ్లు చూస్తున్నారు.

విడుదలకు ముందు జరిగిన రభస చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాయకుడూ నాయికా ముద్దు పెట్టుకుంటున్న పోస్టరును కాంగ్రెస్ నాయకులు వి. హనుమంతరావు హైదరాబాదులో ఆర్టీసీ బస్సు మీదినుంచి చించేశారు. దానికి జవాబుగా యువకులు ఆయనను ఎగతాళి చేసి, సినిమాను స్వేచ్ఛకు ప్రతీకగా నెత్తిన పెట్టుకున్నారు. చించినవారూ మోసినవారూ కూడా చూసింది ఆ ముద్దునే. ఆ చిత్రంలో ఉన్నవాటిలో అతి తక్కువ ప్రమాదకరమైనది అదే. ఇద్దరు వయసు వచ్చినవాళ్లు ఇష్టపడి పెట్టుకున్న ముద్దును చూసి పదహారేళ్లవాడు చెడిపోతాడనుకుంటే, వాడు ఇంట్లో నాన్న అమ్మను కొట్టడం చూసి ఏమవుతున్నాడో కూడా ఆలోచించాలి. దాన్ని ఎవరూ చించరు.

ముందుగా ఈ చిత్రం సాధించినదాన్ని ఒప్పుకోవాలి. మూడు గంటల సినిమాలో అతికించిన హాస్యం లేదు. విదేశాల్లో గంతులు లేవు. స్నేహితుడు శివ పాత్ర (రాహుల్ రామకృష్ణ) మాట్లాడే తెలంగాణ భాష, విలన్లకూ హాస్యగాళ్లకూ మాత్రమే ఆ యాసను కేటాయించిన మన సినిమా సంప్రదాయాన్ని కాస్త కదిలించింది. కాంచన వేసిన నాయనమ్మ పాత్ర, తండ్రీకొడుకుల మధ్య ఉండే ఆ బిగుసుకుపోయిన మౌనం, తాగినవాడి గదిలోని ముతక వాసన, ఇవన్నీ నమ్మదగినట్టు ఉన్నాయి. పెళ్లికి ముందు శరీర సంబంధాన్ని పాపంగా చూపించి, దానికి నాయిక చావుతో ప్రాయశ్చిత్తం చేయించే పాత పద్ధతి ఇందులో లేదు. విజయ్ దేవరకొండ నటన గురించి చెప్పనక్కర్లేదు. శిల్పం బలహీనంగా ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. అబద్ధం నిజంలా చెప్పగలిగినప్పుడే దానితో పోట్లాడాలి.

ఇక ప్రీతిని అర్జున్ ‘ప్రేమించే’ పద్ధతి చూడండి. అతడు వైద్య కళాశాలలో పెద్ద క్లాసు విద్యార్థి. ఆమె అప్పుడే చేరింది. ఆమెతో ఒక్క మాట మాట్లాడకముందే అతడు క్లాసు క్లాసుకూ వెళ్లి, ఆమె తనదని మగపిల్లలకు ప్రకటిస్తాడు. ఆమెతో మొట్టమొదటి పరిచయం చెంప మీద ముద్దు. ఆమె ఏ బెంచీలో కూచోవాలో, ఎవరితో స్నేహం చెయ్యాలో అతడే నిర్ణయిస్తాడు. ఆ స్నేహితురాలిని ఎంచుకోవడంలో ఆ అమ్మాయి లావును కూడా ఒక అర్హతగా చెప్పి ప్రేక్షకులను నవ్విస్తాడు. ప్రీతి తల వంచుకుని ఉంటుంది. ఆమెకు భయమా, ఇష్టమా, విసుగా, కుతూహలమా అనేది మనకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆతృత కెమెరాకు లేదు. తర్వాత ఎప్పుడో ఆమె నవ్వుతుంది. ఆ నవ్వుతో వెనకటిదంతా చెల్లిపోతుంది.

సాహిత్య విద్యార్థులు గమనించవలసింది ఇక్కడ. దీన్ని ‘పాత్ర చెడ్డది’ అని కొట్టిపారేస్తే విమర్శ చేసినట్టు కాదు. చెడ్డ పాత్రలు లేకుండా సాహిత్యం లేదు. ఇక్కడ చూడవలసింది దృష్టికోణాన్ని. ప్రీతి ఒక్కతే ఉన్నప్పుడు ఏమనుకుంటుందో మనల్ని వినిపించుకోనిచ్చే ఘట్టం ఈ మూడు గంటల్లో దాదాపు లేదు. అతడు మత్తులో పడి ఉన్నప్పుడు ఆమెకు బలవంతంగా పెళ్లయింది. మూడు రోజుల్లో ఆమె ఆ ఇంటిని విడిచి వచ్చేసింది. కడుపుతో ఒంటరిగా, ఉద్యోగం చేసుకుంటూ నెలలు గడిపింది. ఇందులో నిజమైన కథ అదే, నిజమైన సాహసం అదే. అది ఆమె నోటితో కొద్ది నిమిషాల్లో, అతడికి చెప్పుకునే సంజాయిషీగా వస్తుంది. ఈలోగా అతడి తాగుడు, అతడి కుక్క, అతడి గడ్డం గంటల తరబడి చూశాం. పైగా ఆ సంజాయిషీలో ముఖ్యమైన అంశం, భర్త తనను తాకలేదని. పోస్టరు మీద స్వేచ్ఛగా ముద్దు పెట్టుకున్న సినిమా చివరికి నాయిక పవిత్రతకు పూచీకత్తు రాయించుకోకుండా కథ ముగించలేకపోయింది. స్వేచ్ఛ పేరుతో దీన్ని మోసిన యువకులు ఈ చోట ఎందుకు ఆగలేదో నాకు అర్థం కాదు.

చెంపదెబ్బ గురించి చాలా చర్చ జరిగింది. ‘కబీర్ సింగ్’ వచ్చినప్పుడు దర్శకుడు ఒక ఇంటర్వ్యూలో, గాఢంగా ప్రేమించుకునేవాళ్ల మధ్య చెంపదెబ్బ కొట్టుకునే స్వేచ్ఛ కూడా లేకపోతే అందులో తనకు భావావేశం కనిపించదన్న అర్థం వచ్చేట్టు మాట్లాడారు. నా మటుకు నాకు ఆ దెబ్బకంటె ఆ సమయంలో ఆమెకు పెట్టిన ఆరు గంటల గడువు భయంకరంగా కనిపిస్తుంది. కులం, కుటుంబం, చదువు, రేపటి బతుకు ఇవన్నీ ఆరు గంటల్లో తేల్చుకుని రమ్మంటాడు. తేల్చుకోలేకపోతే తన పతనానికి ఆమే బాధ్యురాలు. సినిమా మిగతా భాగమంతా ఆ పతనమే.

ఆ పతనం కూడా ఎవరికి సాధ్యం? తాగి శస్త్రచికిత్స చేసిన డాక్టరు లైసెన్సు పోగొట్టుకుంటాడు, జైలుకు పోడు. అద్దె బకాయి, పూటకూటి వెతుకులాట అతడి దుఃఖంలో భాగాలు కావు. వెనక ఆస్తి ఉన్న కుటుంబం ఉంది. కత్తి చూపించి ఒక స్త్రీని బట్టలు విప్పమన్న దృశ్యంతో సినిమా మొదలవుతుంది. అదే పని బస్తీ కుర్రవాడు చేస్తే అది నేరవార్త. ఇతడు చేస్తే విరహం. కోపం కూడా ఒక ఆస్తే, అది వారసత్వంగా వస్తుంది. పేరు చివరి కులాన్ని సినిమా పేరుగా పెట్టుకోవడం యాదృచ్ఛికం అనుకోలేం.

‘దేవదాసు మాత్రం?’ అని అడగవచ్చు. శరత్ నవల అచ్చయింది 1917లో. వేదాంతం రాఘవయ్య తెలుగు చిత్రం 1953లో వచ్చింది. నవలలో దేవదాసు పార్వతిని కొడతాడు. నుదుటి మీద మచ్చ మిగిలిపోయేట్టు కొడతాడు. అతడూ జమీందారు బిడ్డే, అతడూ తాగుబోతే. ఐనా రెండు తేడాలున్నాయి. అర్ధరాత్రి పార్వతి తనంతట తాను దేవదాసు గదికి నడిచి వెళుతుంది. అడగవలసింది తన నోటితో అడుగుతుంది. ఆ ఒక్క ఘట్టంతో ఆమె అతడికంటె ధైర్యవంతురాలని పాఠకుడికి తెలిసిపోతుంది. రెండోది, దేవదాసు ఆమె గుమ్మం దగ్గర చచ్చిపోతాడు. తనను తాను తినేసుకున్న మనిషికి శరత్ ఏమీ తిరిగి ఇవ్వలేదు. అర్జున్ రెడ్డికి ప్రియురాలు, బిడ్డ, తండ్రి మన్నన అన్నీ తిరిగి దొరుకుతాయి. అతడు మారినందుకు దొరకవు. తట్టుకున్నందుకు దొరుకుతాయి. సుఖాంతం కావడం తప్పు కాదు, దాన్ని బహుమానంగా అందించడం తప్పు.

చలం ‘మైదానం’ కూడా గుర్తు చేసుకోవాలి. దాదాపు వందేళ్లుగా దాన్ని చిన్నవాళ్లు చదవవచ్చునా అని మన ఇళ్లలో అడుగుతూనే ఉన్నారు, చిన్నవాళ్లు దుప్పట్ల కింద చదువుతూనే ఉన్నారు. అందులో చీకటి తక్కువ కాదు, శరీరం తక్కువ కాదు. కాని ఆ కథ మొత్తం మనం రాజేశ్వరి నోట వింటాం. మనం ఆమెతో తగవు పడవచ్చు, నేనైతే పడతాను. తగవు పడడానికి అక్కడ ఒక మనిషి ఉంది. ప్రీతితో తగవు పడడానికి వీల్లేదు.

ఇప్పుడు పత్రాల సంగతి. బోర్డు ‘అర్జున్ రెడ్డి’కి ‘ఎ’ ఇచ్చింది. అంటే పద్దెనిమిది నిండనివారికి నిషేధం. ఆ ‘ఎ’ చరిత్ర ప్రగతిశీల రచయితలకు కొత్త కాదు. 1968లో కె.ఎ. అబ్బాస్ నాలుగు మహానగరాల మీద చిన్న డాక్యుమెంటరీ తీశారు. అందులో బొంబాయి వేశ్యావాటిక దృశ్యాలున్నాయని సెన్సారువారు దానికి ‘ఎ’ పెట్టారు. అబ్బాస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. సినిమాను విడుదలకు ముందే పరీక్షించే అధికారం రాజ్యాంగబద్ధమేనని 1970లో తీర్పు వచ్చింది. నగరం తన పేదస్త్రీలను ఏం చేస్తున్నదో చూపితే అది పిల్లలకు పనికిరాదు! మరోవైపు 2021లో వచ్చిన ‘పుష్ప’కు పెద్దల తోడుతో చిన్నవాళ్లు చూడవచ్చని ‘యుఎ’ ఇచ్చారు. అందులో నాయకుడి తరఫున నాయిక నవ్వుకు ఒక ధర, ముద్దుకు ఒక ధర కట్టి డబ్బు చెల్లిస్తారు. ఆమె చివరికి అతడినే ప్రేమిస్తుంది. కత్తెరకు బూతు మాట దొరుకుతుంది, రక్తం దొరుకుతుంది, సిగరెట్టు దొరుకుతుంది. దృక్పథం దొరకదు.

1983లో మొదలైన ‘యుఎ’ను 2023 సవరణ చట్టం ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడు మెట్లుగా విడగొట్టింది. ఓటీటీ సంస్థలు తమ చిత్రాలకు తామే ఇలాంటి తరగతులు వేసుకోవాలని 2021 నిబంధనలు చెప్పాయి. ఏడేళ్లవాడినీ పదహారేళ్లవాడినీ ఒకే గాటన కట్టకపోవడం మంచిదే. కాని ఫోనుకు గేటు దగ్గర టికెట్టు చించే మనిషి ఉండడు. నిషేధమన్న ముద్ర ఆ వయసులో హెచ్చరికగా కాక సిఫారసుగా పనిచేస్తుంది.

పైగా మన పదహారేళ్లవాళ్లు ఎక్కడున్నారో చూడాలి. కార్పొరేటు జూనియర్ కాలేజీల హాస్టళ్లలో ఉన్నారు. చాలాచోట్ల ఆడపిల్లలకు ఒక క్యాంపస్, మగపిల్లలకు ఒక క్యాంపస్. తెల్లవారకముందు నుంచి రాత్రి పొద్దుపోయేదాకా ఈఏపీసెట్లూ, నీట్లూ. ఆడపిల్లతో సామాన్యంగా మాట్లాడడం నేర్చుకోవడానికి రోజులో పది నిమిషాలు లేని కుర్రవాడు ప్రేమను సినిమాలోనే నేర్చుకుంటాడు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగినప్పుడు నిందితులు ముగ్గురినీ పోలీసులు కాల్చి చంపారు. చాలామంది హర్షించారు. కాదంటే కక్షగట్టే మగతనం ఎక్కడ తయారవుతున్నదన్న ప్రశ్నకు తుపాకీ జవాబు చెప్పలేదు. సినిమా చూసి నేరం చేశారని నేను అనను, అది సోమరి వాదం. వరకట్నం, కులం, ఇంటి పెత్తనం ఇవి సినిమాకంటె పాత గురువులు. సినిమా ఆ పాఠానికి పాట కడుతుంది, అంతే.

నిర్ణయం చెప్పకుండా తప్పించుకోవడం నాకిష్టం లేదు. పదమూడు, పద్నాలుగేళ్లవాళ్లకు ఈ సినిమా వద్దు. కత్తి దృశ్యం, మత్తుమందులు అందుకు ఒక కారణం. అంతకంటె, నాయకుడి మీద ప్రేక్షకుడికి కలిగే జాలిని పక్కనపెట్టి అతడి పనిని చూడగల అనుభవం ఆ వయసుకు ఉండదు. పదహారు, పదిహేడేళ్లవాళ్లు చూడవచ్చు. ఎలాగూ చూస్తారు గనక అని కాదు. చూసినదాన్ని విడదీసి మాట్లాడగల వయసు గనక. ఒంటరిగా దుప్పటి కింద కాకుండా, ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే గదిలో కూచుని చూస్తే వేరు. మగపిల్లలు ఈలవేసిన చోట పక్కనున్న అమ్మాయి ఎందుకు నవ్వలేదో తెలియడం ఏ ఉపన్యాసానికీ సాధ్యం కాని చదువు. మాష్టారు ముందుగా నీతి చెప్పకపోవడం మంచిది. చెప్తే వాళ్లు అర్జున్ పక్షం చేరిపోతారు. అదీ న్యాయమే.

వీలైతే దాని వెంటనే 2025లో రాహుల్ రవీంద్రన్ తీసిన ‘ది గర్ల్‌ఫ్రెండ్’ కూడా వెయ్యాలి. పెత్తనం చేసే ప్రేమికుడి కథనే అది సాహిత్యం చదువుకునే అమ్మాయి వైపు నుంచి, రష్మిక ముఖం మీద నుంచి చూపిస్తుంది. అది లోపాలు లేని చిత్రమని నేను అనను. చెప్పదలచుకున్నది కొన్నిచోట్ల మరీ గట్టిగా చెబుతుంది. ఐనా రెండిటినీ పక్కపక్కన పెడితే కెమెరా ఎవరి భుజం మీద ఉన్నదీ పదహారేళ్లవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మనలో కథలు రాసేవాళ్లున్నారు. ప్రీతి ఆ ఇల్లు విడిచినప్పటి నుంచి పార్కులో కనిపించేదాకా గడిచిన నెలలు ఖాళీగా పడి ఉన్నాయి. గది అద్దె ఎంత, ఎవరు ఇచ్చారు, డాక్టరు దగ్గరకు తోడు ఎవరు వెళ్లారు, అతడు గుర్తొచ్చినప్పుడు ఆమెకు ముందు ఏం గుర్తొచ్చింది, ముద్దా, దెబ్బా? ఎవరైనా రాయవచ్చు.