దుబ్బు మొదట్లో లెక్క

అడ్డు లేకపోతే ఏ ప్రాణి సంతతైనా రెట్లకు రెట్లు పెరుగుతుంది. వరిలో సుడిదోమే ఇందుకు రుజువు. ఆడదోమ ఆకు తొడుగును చీల్చి లోపల గుడ్లు దాస్తుంది. 200 దాకా పెట్టగలదు. వాటి పిల్లలు మళ్లీ గుడ్లకు రావడానికి నెల చాలు. ఒక్కో తరంలో నూరేసి ఆడదోమలు బతికితే మూడో నెలకు పది లక్షలు.

పొలంలో ఇలా జరగదు. సంఖ్య పెరిగేకొద్దీ పెరుగుదల వేగం తగ్గి, ఒక గరిష్ఠం దగ్గర ఆగుతుందని 1838లోనే బెల్జియం గణితవేత్త వెర్హుల్స్ట్ సూత్రీకరించాడు. తిండి, చోటు ఆ గరిష్ఠాన్ని నిర్ణయిస్తాయి. దుబ్బు కిక్కిరిస్తే పొడవు రెక్కల దోమలు పుట్టి, వేరే చేలకు ఎగిరిపోతాయి. కానీ దోమకు తిండి చాలకపోవడమంటే పైరు సుడులు సుడులుగా మాడిపోవడమే. ఆ హద్దు రైతుకు అక్కరకు రాదు.

అంతకు ముందే అడ్డుపడేవి శత్రుజీవులు. దుబ్బును పక్కకు వంచి నీటి పైభాగాన చూస్తే గోధుమరంగు దోమల మధ్య సాలీళ్లు తిరుగుతుంటాయి. మిరిడ్ నల్లి తొడుగులోని గుడ్లను పీల్చేస్తుంది. తొందరపడి చల్లిన మందుకు ముందు చచ్చేవి ఇవే. తొడుగులోని గుడ్లు మిగులుతాయి. తర్వాతి తరానికి అడ్డే ఉండదు. ఈ కాలమ్ ఎన్నిసార్లయినా చెప్పే మాట ఇది. ఇండొనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది ఈ కారణంతోనే.

అలాగని అంతా సాలీళ్ల మీద వదిలేయడమూ కుదరదు. యూరియా ఎక్కువై, నాట్లు ఒత్తుగా పడి, నీరు నిలిచిన మడిలో దోమ పెరిగే వేగాన్ని శత్రుజీవులు అందుకోలేవు. అక్కడ గరిష్ఠాన్ని పైకి నెట్టింది సాగు పద్ధతే. తట్టుకునే రకాలూ శాశ్వతం కావు: 1973లో వచ్చిన ఐఆర్ 26 నిరోధకత కొన్నేళ్లకే వీగిపోయింది. సాంబ మసూరికి ఆ రక్షణ మొదటి నుంచీ లేదు.

అందుకే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం, మడిని అప్పుడప్పుడు ఆరగట్టడం, నత్రజనిని దఫాలుగా వేయడం మందుకన్నా ముందు చేయాల్సిన పనులు. ఇవన్నీ చేశాక కూడా పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక తర్వాత 20–25 దోమలు కనిపిస్తే మందు కొట్టక తప్పదు. అదీ ఆకుల మీద కాదు, పాయలు తీసి దుబ్బు మొదళ్లు తడిసేలా.